రెండో మనిషి సంతకం

జూన్ 3, మంగళవారం

ఫారం తెచ్చుకున్నాను. పదకొండు పేజీలు. ఇంట్లో డేకేర్ పెట్టుకోవాలంటే ముప్పై ఎనిమిది షరతులు. నా పెళ్ళప్పుడు మావాళ్ళు ఇందులో పదోవంతు కూడా చూడలేదు. చూసుంటే బాగుండేది.

పదకొండేళ్ళు క్రెష్‌లో ఆయాగా చేశాను. ఎన్ని ముక్కులు తుడిచానో, ఎంతమందికి చెప్పులు తొడిగానో. పోయిన నెల మా మేడమ్ క్రెష్ మూసేసి, నా చేతిలో ఒక గోడగడియారం పెట్టి పంపింది. ఇంట్లో కూర్చుని టైము చూసుకోమని కాబోలు. ఇప్పుడు పిల్లల తల్లులే ఫోన్లు చేస్తున్నారు. మీ ఇంట్లోనే పెట్టండి, మీరైతే మాకు బెంగ ఉండదు అంటున్నారు. నలుగురు పిల్లలు రెడీగా ఉన్నారు. నలభై ఆరేళ్ళొచ్చాక మొదటిసారి ఒక బోర్డు మీద నా పేరు ఉండబోతోంది. నాకది కావాలి. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలా కావాలి.

కిటికీ ఊచల మధ్య పిల్లల తల పట్టకూడదు. బకెట్లలో నీళ్ళు నిలవ ఉండకూడదు. మందులు, ఫినాయిలు తాళం వేసిన అలమారలో ఉండాలి. అదెంత పని, అన్నీ చేసేస్తాను. ముప్పై ఎనిమిదోది మాత్రం నా చేతిలో లేదు. రెండో మనిషి ఉండాలట. పద్దెనిమిది నిండినవాళ్ళు ఎవరైనా, పిల్లలున్నంతసేపూ ఇంట్లోనే ఉంటానని, ఈ ఇల్లు పిల్లలకు సురక్షితమని నాకు తెలుసునని సంతకం పెట్టాలి. నేను కళ్ళు తిరిగి పడిపోతే పిల్లల గతేంటని.

మా అమ్మాయికి ఏప్రిల్‌లోనే పద్దెనిమిది నిండాయి. ఇంకెవరున్నారు నాకు. దానికి నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఇల్లు వదిలి పోయాడు. ఆయన పెట్టిన సంతకాలు ఏవీ నిలబడలేదు, అది వేరే సంగతి.

అడిగితే చూస్తానంది. దాని 'చూస్తాను' నాకు తెలుసు.

జూన్ 5, గురువారం

పద్దెనిమిదేళ్ళు పెంచిన తల్లికి ఒక్క సంతకం పెట్టాలంటే ఆలోచించుకోవాలట.

జూన్ 9, సోమవారం

వడ్రంగి వచ్చాడు. ఇతని నోరు ఖాళీగా ఉండదు. మేకులన్నా ఉండాలి, మాటలన్నా ఉండాలి. బల్లల మూలలకు రబ్బరు అంటించాడు. ప్లగ్గులకు మూతలు పెట్టాడు. వంటింటి గుమ్మానికి చిన్న గేటు బిగించాడు. ఆ గేటు దాటబోయి పొద్దుటి నుంచి మూడుసార్లు నేనే తట్టుకున్నాను.

తర్వాత ఇరవై రెండో షరతు. పిల్లలు తిరిగే గదుల తలుపులకు లోపల వాళ్ళ చేతికందే ఎత్తులో గొళ్ళెం ఉండకూడదు. బయటవైపు అసలే ఉండకూడదు. బాత్రూముది తీశాడు, పడగ్గదిది తీశాడు. సామాన్ల గది దగ్గర ఆగాడు. అమ్మా, ఈ గదికి బయట గొళ్ళెం ఉందంటే సరే, ఇంత కిందకి ఎవరు పెట్టారమ్మా, వంగి వేసుకోవాలి కదా అన్నాడు.

పిల్లి దూరుతుందని అన్నాను.

పిల్లికి గొళ్ళెమెందుకమ్మా, తలుపు దగ్గరికి వేస్తే చాలదా అన్నాడు. నీ పని నువ్వు చూసుకోమన్నాను. మా అమ్మాయి అక్కడే కుర్చీలో కూర్చుని చదువుకుంటోంది. పుస్తకం మూసి మేడ మీదికి వెళ్ళిపోయింది.

కిందకి ఎందుకంటే, అప్పట్లో ఆ తలుపు పక్కనే నా కుట్టుమిషను ఉండేది. స్టూలు మీద కూర్చునే చెయ్యి చాపితే అందేలా పెట్టించాను. ప్రతిసారీ లేచి వెయ్యాలంటే కుట్టు ఆగిపోయేది. చుట్టూ వేడి ఇస్త్రీపెట్టె, కత్తెర, సూదులు. నాలుగేళ్ళ పిల్ల దేనిమీద చెయ్యి పెడుతుందో తెలీదు. ఇంట్లో ఇంకో మనిషి లేదు. కాసేపు ఆ గదిలో కూర్చోబెట్టేదాన్ని, బొమ్మలు కూడా ఇచ్చేదాన్ని. దాని భద్రత కోసమే. ఈ ఫారం రాసినవాళ్ళు చెప్పేదీ అదేగా.

గొళ్ళెం ఊడినచోట నాలుగు స్క్రూల బొక్కలు మిగిలాయి. రేపొచ్చి మైనంతో పూడుస్తానన్నాడు. ఈ వడ్రంగి రేపు ఏ నెలలో వస్తుందో.

జూన్ 11, బుధవారం

ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్. తొమ్మిదిమంది ఆడవాళ్ళం, ఒక రబ్బరు బొమ్మ. ఛాతీ నొక్కి బతికించాలి. సరిగ్గా నొక్కితే ఆకుపచ్చ లైటు, లేకపోతే ఎర్ర లైటు. నా బొమ్మ రెండుసార్లు పోయింది. గట్టిగా నొక్కేస్తున్నారు తల్లీ, కోపమంతా దానిమీదేనా అన్నాడు నేర్పే పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన ఫైర్ సర్వీసులో చేసి రిటైరయ్యాడట. చివర్లో ఒక మాట చెప్పాడు. ఇన్‌స్పెక్షన్‌కు ముందు ఒకసారి ఇల్లంతా మోకాళ్ళ మీద పాకి చూసుకోండి, ప్రతి గదిలోకీ వెళ్ళి తలుపు వేసుకుని చూడండి, నిలబడితే మీకు కనపడనివి పిల్లలకి కనిపిస్తాయి అన్నాడు.

జూన్ 12, గురువారం, ఉదయం 6

అమ్మాయి లేవకముందే కానిద్దామని పాకడం మొదలుపెట్టాను. మోకాళ్ళు పటపటమన్నాయి. పెద్దాయన చెప్పింది నిజమే. మంచం కింద పైకి తేలిన మేకు, ఫ్రిజ్ వెనక వేలాడుతున్న వైరు, సోఫా కింద ఎప్పుడో పోయిందనుకున్న మాత్రల పట్టీ. అన్నీ రాసుకున్నాను. నన్ను నేనే మెచ్చుకున్నాను.

సామాన్ల గదిలోకి పాకి తలుపు దగ్గరికి వేసుకున్నాను. గాలికేం లోటు లేదు. తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉంది. నేలకు చెంప ఆనించి పడుకుంటే ఆ సందులోంచి ఒకే ఒక్క చోటు కనిపిస్తుంది. మిషను ఉన్న చోటు. అక్కడ కూర్చున్న మనిషి పాదాలు, పెడల్ మీద. ఇంకేం కనపడదు.

ఎంతసేపు అలా పడుకున్నానో తెలీదు. ఇక్కడ పడుకుని నా బిడ్డ నా పాదాలు చూస్తూ ఉండేదని ఇవాళ్టిదాకా నా బుర్రకు తట్టలేదు.

లేచి వచ్చి ఫారంలో గాలి, వెలుతురు గడిలో టిక్కు పెట్టాను.

జూన్ 14, శనివారం

సంతకం పెట్టనని తేల్చేసింది.

వేరే ఊళ్ళో నర్సింగ్ కోర్సులో సీటొచ్చిందట. మే నెలలోనే వచ్చిందట. హాస్టల్లో ఉండి చదవాలి. ఈ నెల ముప్పై సాయంత్రం అయిదులోగా కన్ఫర్మ్ చేస్తే సీటు ఉంటుంది, లేకపోతే వేరేవాళ్ళకి పోతుంది. దాని స్నేహితురాళ్ళందరికీ తెలుసు. కన్నతల్లికి తెలీదు.

నేను పెట్టిన కేకలకు పై ఇంటివాళ్ళు టీవీ ఆపేశారు. నువ్వు పోతే నాకు రెండో మనిషి ఎవరన్నాను. ఒక్క ఏడాది ఆగు, చదువు ఎక్కడికీ పారిపోదన్నాను. అది గొంతు పెంచదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. నాలా అరిస్తే నేను తట్టుకోగలను. అది బ్యాంకు కౌంటర్లో మాట్లాడినట్టు నిదానంగా మాట్లాడుతుంది. సీటు రాకపోయినా పెట్టేదాన్ని కాదమ్మా అంది. ఈ ఇంట్లో పిల్లలు భద్రంగా ఉంటారని తెలుసు అని రాసుంది అక్కడ, నాకు తెలిసింది అది కాదు కదా అంది.

నీకేం తెలుసే అన్నాను.

నీ పాదాలు చూసి చెప్పేదాన్ని అంది. పెడల్ గబగబా ఆడితే కోపంలో ఉన్నావని, నెమ్మదిగా ఆడితే ఇంకాసేపట్లో తలుపు తీస్తావని. ఒకరోజు మాత్రం పాదాలు లేచి చెప్పులేసుకున్నాయి అంది.

 ఆ రోజు ఒక కస్టమరుకి బట్టలిచ్చి రావడానికి వెళ్ళాను. గొళ్ళెం తియ్యడం మరిచిపోయాను. ఎంత, అరగంట. దానికి పద్నాలుగేళ్ళు మోస్తుందా.

జూన్ 15, ఆదివారం

నిన్న అబద్ధం రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసే మనిషిని నేను.

అరగంట కాదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను, వచ్చేసరికి వీధిలైట్లు వెలిగాయి. మరిచిపోవడం కూడా కాదు. దారి మధ్యలోనే గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా వెళ్ళాను. వాళ్ళింట్లో కూర్చుని టీ తాగాను, ఆవిడతో కబుర్లు చెప్పాను, పగలబడి నవ్వాను. ఒక్క పూట పిల్ల లేనిదానిలా ఉందామనిపించింది. అంతే.

తలుపు తీస్తే నిలబడి ఉంది. గౌను తడిసిపోయింది. ఏడవలేదు. సారీ అమ్మా అంది.

దేనికే సారీ అని నేను అడగలేదు. గౌను మార్చాను. మర్నాడు మళ్ళీ గొళ్ళెం వేశాను.

జూన్ 18, బుధవారం

రెండో మనిషి కోసం తిరిగాను. పాత క్రెష్‌లో నాతో చేసిన ముసలి ఆయా ఒప్పుకుంది. చెవులు సరిగా వినపడవు, కళ్ళు అంతంతమాత్రం. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను గానీ రోజూ రావడం నా వల్ల కాదే అంది. పోనీలే, కాగితానికి కావాల్సింది సంతకమే కదా అనుకున్నాను. ఇంటికొచ్చి అమ్మాయికి వినపడేలా చెప్పాను, ముసలి ఆయా వచ్చి సంతకం పెట్టి పోతుంది, నువ్వు లేకపోతే నాకేం ఆగిపోదు అని. విన్నది. 

పై ఇంటావిడ షాపుకి పోతూ రెండు రోజులు తన కూతుర్ని చూడమంది. ట్రయల్ అనుకోండి అంది. నాలుగేళ్ళ పిల్ల. ఒక్కచోట నిలవదు. బొంగరం అని పేరు పెట్టాను, పలుకుతోంది.

జూన్ 20, శుక్రవారం, మధ్యాహ్నం 3

జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

మిషను ఉన్న చోట ఇప్పుడు బల్ల ఉంది. అక్కడ కూర్చుని ఫారం ఫెయిర్ చేస్తున్నాను. తొమ్మిది పేజీలయ్యాయి. బొంగరం గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నాకు దాహమేస్తుందని తెచ్చానంది. మూరెడు దూరంలో తట్టుకుంది. నీళ్ళన్నీ కాగితాల మీద. తొమ్మిది పేజీల సిరా నా కళ్ళముందే కారిపోయింది.

నేను అరవలేదు. అరిస్తే బాగుండేది. రెక్క పట్టుకుని సామాన్ల గదిలోకి నెట్టి, తలుపు లాగాను. కూర్చున్నచోటి నుంచి లేవలేదు కూడా. కుడిచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి గొళ్ళెం కోసం వెతికింది. లేదు. నాలుగు బొక్కలు వేళ్ళకి తగిలాయి. మళ్ళీ వెతికింది. రెండోసారి కూడా వెతికింది నా చెయ్యి.

తల తిప్పితే మా అమ్మాయి గుమ్మంలో ఉంది. తల తుడుచుకుంటున్న తువ్వాలు చేతిలోనే ఉంది. నా మొహం వైపు చూడలేదు, నా చెయ్యి వైపు చూస్తోంది. వచ్చి తలుపు తీసి, బొంగరాన్ని ఎత్తుకుని మేడ మీదికి తీసుకెళ్ళింది. ఆ పిల్ల నవ్వుతోంది. ఆట అనుకుంది.

జూన్ 20, సాయంత్రం 5

సంతకం పెట్టింది.

నేను అడగలేదు. తనే వచ్చి, తడవకుండా మిగిలిన చివరి పేజీలో ముప్పై ఎనిమిదో గడి ఎక్కడుందో వెతికి, పేరు రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేసింది. ఎందుకు పెట్టావని అడగాలి. అడిగితే చెప్తుందని భయమేసింది. దొరికిందే చాలనుకుని ఫారం బీరువాలో పెట్టి తాళం వేశాను.

జూన్ 24, మంగళవారం

తడిసిన తొమ్మిది పేజీలూ మళ్ళీ రాసి శనివారమే ఇచ్చొచ్చాను. ఇవాళ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. టేపు తెచ్చుకుంది, టార్చి తెచ్చుకుంది. ఊచల మధ్య కొలిచింది. కుళాయి నీళ్ళ వేడి చూసింది. మంటలార్పే సిలిండర్ ఎక్స్‌పైరీ చదివింది. వాచీ పట్టుకుని, ఇల్లు ఖాళీ చేసి చూపించండి అంటే నలుగురు పిల్లలకి బదులు నాలుగు దిండ్లు చంకలో పెట్టుకుని నేనూ అమ్మాయీ వీధిలోకి పరిగెత్తాం. నిమిషం నలభై సెకన్లు. పై ఇంటావిడ పడీ పడీ నవ్వింది. నేను ఒక దిండు జారవిడిచాను. పిల్లయితే అలా వదలకండి అని ఇన్‌స్పెక్టరమ్మ సీరియస్‌గా చెప్పింది.

సామాన్ల గది ఆవిడకు తెగ నచ్చింది. చల్లగా ఉంది, శబ్దం రాదు, పిల్లల్ని మధ్యాహ్నం పడుకోబెట్టడానికి బాగుంటుంది కదండీ అంది. నేను తలూపాను.

తర్వాత అమ్మాయిని అడిగింది, నువ్వు రోజంతా ఇక్కడే ఉంటావా తల్లీ, చదువు లేదా అని. ఎనిమిది నుంచి ఆరు దాకా ఇక్కడే ఉంటానండీ, ఎక్కడికీ కదలను అంది. ఎంత బుద్ధిమంతురాలో అని నాకు చెప్పింది ఇన్‌స్పెక్టరమ్మ.

ముప్పై ఎనిమిది గడుల్లో టిక్కులు పడ్డాయి. నీళ్ళు, నిప్పు, కరెంటు, మందులు అన్నీ అడిగారు. నాకు కోపం వస్తే ఏం చేస్తానో ఎక్కడా అడగలేదు. అడిగితే నేను ఏం రాసేదాన్ని. అది కూడా టిక్కే పెట్టేదాన్ని.

జూన్ 27, శుక్రవారం

వచ్చింది. నా పేరు మీద లైసెన్సు. ఫోటోతో సహా.

జూన్ 30, సోమవారం, ఉదయం 11

ఇవాళ ముప్పయ్యో తేదీ అని నాకు గుర్తులేక కాదు. అడగకుండా ఊరుకుంటే సాయంత్రం అయిదు దానంతటదే దాటిపోతుందని నోరు మూసుకున్నాను. పొద్దుటి నుంచి అది రేపొచ్చే పిల్లల పేర్లు చీటీల మీద రాసి, సంచుల కొక్కేల దగ్గర అంటిస్తోంది. అక్షరాలు గుండ్రంగా, ఎంత ముచ్చటగా రాసిందో. అది చూసి ఉండబట్టలేక అడిగేశాను, సీటు సంగతి ఏం చేశావే అని.

వదిలేశానంది.

నా కోసం ఆగిపోయిందని ఒక్క క్షణం గుండె పొంగింది. సిగ్గులేని గుండె. నీ కోసం కాదమ్మా అంది, నేను పైకి అనకముందే. నేను సంతకం పెట్టకపోతే ఆ చెవిటి ఆయా పెట్టేది, నీకు లైసెన్సు ఎలాగూ వచ్చేది. ఆవిడకి నీ సంగతి తెలీదు, ఇంట్లో కూడా ఉండదు. నాకు తెలుసు. ఆ రోజు నీ చెయ్యి రెండుసార్లు వెతకడం చూశాను. ఇక్కడ పిల్లలున్నంతకాలం ఆ కుర్చీలో నేను ఉంటాను అంది.

నేను మారాను, పదకొండేళ్ళు క్రెష్‌లో ఒక్క పిల్ల మీద చెయ్యి వేశానేమో మేడమ్‌ని అడుగు అన్నాను.

అక్కడ గోడలు అద్దాలవి కదమ్మా అంది. చీటీ అంటిస్తూనే అంది.

జూన్ 30, మధ్యాహ్నం 1:30

అన్నం పెట్టుకుని కూర్చున్నాను. దానిమీద పీకలదాకా కోపం. ఎంత మాటంది. నేనేం రాక్షసినా. మొగుడు పోయినప్పుడు నన్ను అడిగినవాళ్ళున్నారా, నువ్వెలా ఉన్నావే అని. ఒక్కదాన్ని కుట్టి కుట్టి పెంచాను. ఇదంతా దాని మొహం మీద అందామని లేచాను కూడా.

అది కుర్చీలో కూర్చుని ఉంది. రేపు కూర్చోవాల్సిన కుర్చీలో, సామాన్ల గదికి ఎదురుగా. అక్కడినుంచి తలుపు సరిగా కనిపిస్తుందో లేదో అని కుర్చీ కొంచెం జరుపుకుంటోంది.

నాలుగేళ్ళ పిల్లని కాసేపని కూర్చోబెట్టాను. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ పిల్లని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చోబెడుతున్నాను. ఈసారి గొళ్ళెం కూడా అక్కర్లేదు.

లైసెన్సు ఇచ్చే ఆఫీసు నాలుగున్నర దాకా తీసే ఉంటుంది. బస్సులో ముప్పావుగంట.

జూన్ 30, సాయంత్రం 5:05

ఆఫీసు మెట్ల మీద రాస్తున్నాను. లైసెన్సు వెనక్కిచ్చేశాను. కారణం రాయమని ఒక గడి ఉంది. "నా బిడ్డని గదిలో పెట్టి గొళ్ళెం వేసేదాన్ని, ఆ అలవాటు నా చేతికి పోలేదు" అని రాశాను. గుమాస్తా చదివి నావైపు చూడకుండా ఇంకో ఫారం ఇచ్చాడు. వ్యక్తిగత కారణాలు అని రాయండమ్మా, ఇలా రాస్తే మళ్ళీ జన్మలో మీకు లైసెన్సు ఇవ్వరు అన్నాడు. రెండోదాంట్లోనూ అదే రాశాను. స్టాంపు వేశాడు.

ఆ కాగితం ఫోటో తీసి అమ్మాయికి పంపాను. నాలుగూ ఇరవై. నలుగురు తల్లులకూ ఫోన్ చేసి రేపు రావద్దన్నాను.

నాలుగూ యాభై ఎనిమిదికి జవాబొచ్చింది. కాలేజీవాళ్ళు పంపిన మెసేజ్, సీటు ఖాయమైందని. దాన్నే నాకు ఫార్వర్డ్ చేసింది. కింద దాని మాట ఒక్కటీ లేదు.